పిడుగును ఆపే కాగితం

పోయిన వారం కోరుట్ల బస్టాండు బయట మక్క కంకులు కాల్చే బండి దగ్గర నిలబడ్డాను. వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. బొగ్గుల మీద విసనకర్ర ఊపుతున్న బండి ఆమె ఒక కంకి పొట్టు ఒలిచి, మొహం చిట్లించి పక్కన పడేసింది. గింజలన్నీ ముదురు ఎరుపు. "గిదెట్ల కలిసిందో సారూ, గీ రంగుది ఎవలు తినరు, పుచ్చిందనుకుంటరు" అన్నది. నేను తింటానని చెప్పి దాన్నే కాల్పించుకున్నాను. ఉప్పు, కారం, నిమ్మచెక్క అన్నీ మామూలే. రుచిలో ఏ తేడా లేదు. కానీ బస్సు వచ్చి వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడి దాన్ని తిన్నాను. ఎర్ర మక్క కంకి ఇంట్లో వేలాడదీస్తే పిడుగు పడదని ఒకప్పుడు నమ్మిన ఊరు ఒకటుంది. అది మన దగ్గర కాదు, జపాన్‌లో. అక్కడికి వెళ్లొచ్చి నాకు ఏడాది అయింది. నా సరదాకు పోలేదు. మా వదినకు తోడుగా పోయాను.

వదిన అంటే మా అన్న భార్య. అన్న పోయి ఇరవై రెండేళ్లు దాటింది. సారంగాపూర్ దగ్గర మా ఊళ్లో, కోసి తెచ్చిన మక్క కంకుల కుప్ప దగ్గర, పట్టపగలు పిడుగు పడి పోయాడు. అప్పటికి వాళ్లకు ఉన్న ఒక్క బిడ్డకు నాలుగేళ్లు. వదిన భూమిని కౌలుకు ఇచ్చి, పిల్ల చదువు కోసం జగిత్యాలకు వచ్చి, మిషన్ కుట్టుకుంటూ దాన్ని పెంచింది. ఎవరి ముందూ కన్నీళ్లు పెట్టుకున్న మనిషి కాదు. ఒక్కటే చాదస్తం. వానకాలం వచ్చిందంటే జగిత్యాలలో తన డాబా ఎక్కి ఆకాశం చూస్తుంది. ఏ మూల నల్లబడినా కౌలుదారుకు ఫోన్ చేస్తుంది. "తమ్మీ, మొగులైంది, చేన్లకెంచి ఇంట్లకు నడువు." అతను పాపం, "ఈడ ఎండ పెటపెట కొడుతున్నది అక్కా" అంటాడు. "కొడితే కొట్టనీ. నువ్వైతే నడువు" అంటుంది. కౌలుకు ఇచ్చేటప్పుడు రైతులకు ఎవరెవరో ఏవేవో షరతులు పెడతారు. మా వదిన పెట్టిన షరతు ఇదొక్కటే: వాన మొదలైతే కంకులు తడిసినా సరే, మనిషి మాత్రం ఇంట్లో ఉండాలి. ఈ అక్కకు కౌలు చేసినప్పటినుంచి వానకాలంలో తనంత నిద్రపోయిన రైతు జిల్లాలో లేడని అతను నవ్వుతూ చెప్పుకుంటాడు.

చుట్టాలందరూ ఈ ఫోన్ల మీద హాస్యాలాడేవారు. నేను మాత్రం ఎప్పుడూ ఆడలేదు. అన్న ఆ వానకు బయట ఎందుకు చిక్కుకున్నాడో నాకొక్కడికే తెలుసు అనుకునేవాణ్ని. అన్న పోయిన ఏడు నేను సిరిసిల్లలో పంతులు ఉద్యోగం చేస్తున్నాను. మా చిన్నవాడి పుట్టెంటికలు వేములవాడ రాజన్న దగ్గర తీయించి, సిరిసిల్లలో మేం కిరాయికున్న ఇంటి డాబా మీద దావత్ పెట్టుకున్నాం. వంటల మీద కప్పుగా కట్టడానికి అన్న దగ్గరి పరదా, అంటే పెద్ద టార్పాలిన్, కొత్తది, అడిగి తెచ్చుకున్నాను. మక్కలు కోతకు రాకముందే ఇచ్చేయాలి. "వచ్చే ఆదివారం తెస్తనే" అన్నాను. ఆ ఆదివారం బస్సులు మారి పోవడానికి బద్ధకమైంది. తరవాతి ఆదివారం కూడా కడుపునిండా తిని, వీధిలో మరమగ్గాల చప్పుడు వింటూ నిద్రపోయాను. ఆ మంగళవారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. పరదా లేక అన్న కంకుల కుప్ప మీద యూరియా సంచులు ఒక్కొక్కటే పరుస్తూ, గాలికి లేచిపోకుండా రాళ్లు పెడుతూ ఉన్నాడట. పరదా ఉంటే రెండు నిమిషాల పని. పిడుగు పడ్డప్పుడు అన్న చేతిలో సంచి ఉందని ఊళ్లో చెప్పారు. ఆ పరదాను ఇంట్లో చూడలేక దినవారాలు కాకముందే ఎవరికో ఇచ్చేశాను. ఈ సంగతి మా అమ్మకు చెప్పలేదు, మా ఇంటిదానికి చెప్పలేదు. వదినకు చెప్పాలని ఎన్నోసార్లు జగిత్యాల బస్సెక్కాను. ఆమె పెట్టిన అన్నం తిని తిరుగు బస్సెక్కి వచ్చేశాను.

అన్న బిడ్డ చదువుకుని, హైదరాబాదులో ఏడాది జపాన్ భాష నేర్చుకుని, టోక్యోలో ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమంలో ఉద్యోగానికి పోయింది. "ఈడ ముసలోళ్లు లేరా, గా దేశపోళ్లకు సేవ చేయపోతవా?" అని వదిన నెల రోజులు అలిగింది. రెండేళ్లు గడిచాక పిల్ల టికెట్లు పంపి రమ్మంటే మాత్రం అలక మరిచిపోయి, సకినాల డబ్బా సర్దుకుంది. కానీ ఒక్కతే పోనంటే పోనన్నది. "సారు వస్తనే వస్త. ఇంగ్లీషు మాట్లాడేటోడు ఒకడుండాలె." నేను పంతులునైన రోజు నుంచి ఆమె నన్ను సారూ అనే పిలుస్తుంది, సగం మర్యాదకు, సగం ఎకసెక్కానికి. నేను చెప్పింది తెలుగు అనీ, ఇంగ్లీషు కాదనీ ఎంత చెప్పినా వినలేదు. పైగా రిటైరై ఖాళీగా ఉన్నానని నా ఇంటిదానితో సాక్ష్యం చెప్పించింది. అట్లా జూలై నెలలో, చేలలో మక్క మోకాలి ఎత్తు ఉన్నప్పుడు బయలుదేరాం. విమానం పైకి పోయాక ఆమె కిటికీలోంచి చాలాసేపు చూసి, "మొగులు మన కిందున్నది సారూ" అన్నది. ఆ తరవాత వెనక్కి వాలి హాయిగా నిద్రపోయింది. మబ్బును చూస్తూ నిద్రపోయిన వదినను నేను అంతకుముందు చూడలేదు.

మేం వెళ్లిన వారానికే అక్కడ ఒక పాత గుడి దగ్గర రెండు రోజుల సంత జరిగింది. ఏటా ఆ రెండు రోజులే. పిల్లకు సెలవు దొరికింది, పొద్దున్నే తీసుకుపోయింది. వాళ్ల ఉక్కపోత మన ఉక్కపోతకు ఏమీ తీసిపోదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. గుడి చుట్టూ వరసగా దుకాణాలు, వాటి ముందు పొట్టి నీలం అంగీలు వేసుకుని, తలకు తువ్వాల చుట్టుకుని అరిచే అమ్మకందార్లు, ప్రతి దుకాణం చూరుకూ వందల గాజు గంటలు. గాలి వీచినప్పుడల్లా అవన్నీ కలిసి మోగుతున్నాయి. ఆ రోజు ఒక్కసారి దేవతకు దండం పెడితే నలభై ఆరు వేల రోజులు పెట్టినట్టని అక్కడి నమ్మకమట. నేను మనసులో భాగహారం చేసి, నూట ఇరవై ఆరేళ్లు అని ప్రకటించాను. "మన రాజన్న దగ్గర గీ వసతి లేకపాయె, ఎన్నిసార్లు పోయినా ఒక్కసారి కిందనే లెక్క" అని వదిన బాధపడింది. ఇంతకూ ఆ దుకాణాల్లో అమ్మేది అదృష్టం తెచ్చే ఒక మొక్క. వెదురుబుట్టలో కుండీ, కుండీలో మొక్క, మొక్క నిండా ఎర్రటి కాగితం బుడ్డల్లాంటి కాయలు. హోజుకి అంటారని పిల్ల చెప్పింది.

వదిన దగ్గరికి పోయి, ఒక ఆకు తిప్పి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏంది, గిది బుడ్డకాశ గద? మక్కచేన్ల కలుపు. మేం పీకి గట్టు మీద పారేస్తం. వీళ్లు దీన్ని కుండీల పెట్టి అమ్ముతున్నరా?" నిజమే. మన చేల గట్ల మీద బుడ్డలో దాక్కుని పండే కాశపండు, దాని అక్కచెల్లెల సంతానమే అది. మనది చిన్నది, పచ్చగా ఉంటుంది. వాళ్లది కోడిగుడ్డంత, కుంకుమ రంగు. రంగు వేశారేమోనని వదిన వేలితో రుద్ది చూసింది కూడా. చిన్నప్పుడు ఆ బుడ్డల్ని ఊది ఒకరి నొసటి మీద ఒకరం టప్పుమని పగలగొట్టుకున్నవాళ్లమే మేమంతా. పిల్ల వద్దనే లోపలే వదిన ఒక బుడ్డను తుంచి, చీల్చి, లోపలి పండు నోట్లో వేసుకుంది. మన చేలో అడిగేదెవరు? నడుస్తూ తెంపుకుని తినడమే కదా అలవాటు. దుకాణం ముసలాయన నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. పిల్ల నడుం విరిగేలా వంగి వంగి క్షమాపణలు చెప్పింది. పండు చేదట, వదిన మొహం అష్టవంకర్లు పోయింది. అయినా అంతమంది ముందు ఉమ్మలేక మింగేసింది.

ముసలాయనకు కోపం రాలేదు. తేరుకుని పకపకా నవ్వి, పిల్లతో ఏదో చెప్పాడు. పిల్ల మాకు తెలుగు చేసింది. ఇది తినేది కాదట, దీపమట. పోయిన పెద్దవాళ్లు ఏడాదికోసారి ఇంటికి వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. వాళ్లకు చీకట్లో తోవ కనపడాలని ఈ ఎర్ర బుడ్డల్ని దీపాలకు బదులు ఇంట్లో వేలాడదీస్తారట. మన పెత్రమాస లాంటిదన్నమాట. ఆ మాట వినగానే వదిన మొహంలో నవ్వు పోయింది. పెత్రమాస నాడు పెద్దలకు పెట్టకముందు మెతుకు ముట్టని మనిషి ఆమె. "ఎవల దీపం ఎంగిలి చేసిననో" అన్నది. ఆ కుండీనే కావాలని పట్టుబట్టి కొనిపించింది. చేతిలో కుండీ పట్టుకుని మా వెనక నడిచింది. నేను ఏదో తమాషా చేయబోయి మానుకున్నాను.

గుడి పక్కన ఒక అరుగు దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. వాళ్ల చేతికి వస్తున్నది చిన్న వస్తువు: చీల్చిన వెదురుపుల్లలో ఇరికించిన, మూడు మూలలుగా మడిచిన తెల్ల కాగితం. దాని మీద రాత, ఎర్ర ముద్ర. ఏమిటని నేను అడగకుండా ఉంటే బాగుండేదేమో. పిడుగు పడకుండా కాచే కాగితమని పిల్ల చెప్పింది. ఈ సంత జరిగే రెండు రోజులే ఇస్తారు. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేక, మిగతాది కూడా చెప్పింది: ఎప్పుడో ఒక ఊళ్లో పిడుగులు పడితే, ఎర్ర మక్క కంకులు వేలాడదీసుకున్న రైతు ఇల్లు ఒక్కటే మిగిలిందట. అప్పటినుంచి ఈ సంతలో ఎర్ర కంకులు అమ్మేవారట. ఒక ఏడు పంట పోయి కంకులు దొరక్క, వాటికి బదులు గుడివాళ్లు ఈ కాగితం ఇచ్చారట. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమా అని మనవాళ్లు వెక్కిరిస్తారు గానీ, అక్కడ పిడుక్కీ మక్కలకీ కలిపి నిజంగానే ఒక మంత్రం ఉంది. మన దగ్గర ఉరిమితే అర్జునా, ఫల్గుణా అనుకుంటూ పది పేర్లు చదవడమే, చేతిలో పట్టుకోవడానికి ఏదీ లేదు. నేను ఈ మాటే అందామని వెనక్కి తిరిగాను. వదిన లేదు. గుడి పక్క మెట్ల మీద, నీడలో, కుండీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

పిల్ల పోయి పక్కన కూర్చుంది. నేను ఒక మెట్టు కింద కూర్చున్నాను. వదిన బిడ్డ వైపు చూడకుండా, ఎదురుగా పోయే జనాన్ని చూస్తూ చెప్పింది. "గా దినం మీ బాపు ఇంట్లకు అచ్చిండు బిడ్డా. కాళ్లు కడుక్కున్నడు. అన్నం పెట్టుమన్నడు. నేను మొగులు చూసి, కంకులు తడుస్తయి, పోయి కప్పి రా, అచ్చినంక తిందువు అన్న. పోతలేడు, రేపు ఆరబెడితే అయిపాయె అన్నడు. నేనే గదిమి పంపిన. అన్నం తినే తల్లె కడిగి పెట్టుకొని కూసున్న." అంతే చెప్పింది. ఇన్నేళ్లుగా కౌలుదారుకు చేస్తున్న ఆ ఫోన్లన్నీ ఎవరికి చేస్తున్నవో నాకు అప్పుడు తెలిసింది. పిల్ల ఏడవలేదు. రోజంతా ముసలివాళ్ల గతాలు వినే ఉద్యోగం కదా, వినడం వచ్చు దానికి. ఒక్కటే అడిగింది. "బాపు ఆకలితోనే పోయిండా అమ్మా?" వదిన తల అడ్డంగా ఊపింది. "ఒక కంకి కాల్చి చేతికిచ్చిన. తినుకుంట పోయిండు." పిల్ల తల్లి చెయ్యి తీసుకుని, "మొగులైతే కంకులు కప్పుమని ఎవలైనా అంటరమ్మా. నేనైనా అందును" అన్నది.

నేను ఇన్నేళ్లు దాచుకున్న మాట అక్కడ బయటపడింది. ధైర్యం వచ్చి కాదు. ఆమె ఒక్కతే ఆ బరువు మోస్తానంటుంటే పక్కన కూర్చుని వినడానికి సిగ్గేసింది. "వదినె, పరదా నా దగ్గరుండె" అన్నాను. "దావత్‌కు తీస్కపోయిన. ఆదివారం తెస్తనన్న. రెండు ఆదివారాలు ఇంట్లనే పండుకున్న. అది ఉంటే అన్న జల్ది అచ్చేటోడు." చెప్పి, తల వంచుకుని, ఆమె లేచి వెళ్లిపోతుందేమోనని చూశాను. వదిన కుండీలో ఆకు మీద దుమ్ము తుడుస్తూ, "ఎరుకే" అన్నది. నాకు అర్థం కాలేదు. "పరదా మీ ఇంట్ల ఉన్నదని నాకెరుక లేదా సారూ? మీ అన్ననే చెప్పిండు. గా సంచులు ఏరి చేతికిచ్చింది నేనే."

"మరి ఒక్కనాడన్నా అనకపోతివి" అన్నాను. ఆమె మొదటిసారి నా మొహం చూసింది. "అంటే నువ్వు ఇంటికి అచ్చుడు బంద్ చేస్తవు. పొల్లకు బాపు లేకపాయె, కనీసం కాకన్నా ఉండాలె గద." నేను అరవై దాటినవాణ్ని, పిల్లల చేత పద్యాలు అప్పజెప్పించుకున్నవాణ్ని, పరాయి దేశంలో గుడి మెట్ల మీద కూర్చుని తువ్వాల మొహాన పెట్టుకుని ఏడ్చాను. ఆ పక్కగా పోతున్న వాళ్లెవరో ఆగి, పిల్లతో మెల్లగా ఏదో అడిగారు. ఎండ దెబ్బ తగిలిందా, నీళ్లు కావాలా అని అడుగుతున్నారట. వదిన పైట చెంగుతో మొహం తుడుచుకుని, "కావాలె అను. మనిషికో గిలాస" అన్నది.

తరవాత ఆమే పోయి బారులో నిలబడింది. ఎన్ని తీసుకుందామని పిల్ల అడిగితే, "ఒక్కటి చాలు, కౌలు చేసే తమ్మికి" అన్నది. అరుగు మీద అమ్మాయి రెండు చేతులా ఇస్తే, రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకుంది. ఇంట్లో ఎత్తైన చోట, శుభ్రంగా పెట్టుకోవాలని చెప్పారు. మొక్కను విమానంలో తేనివ్వరు కాబట్టి అది పిల్ల గది కిటికీలో ఉండిపోయింది. కాగితం మాత్రం సకినాల ఖాళీ డబ్బాలో పదిలంగా జగిత్యాల చేరింది.

ఆ కాగితం కథ ఎక్కువ రోజులు నడవలేదు. ఇంట్లో పెట్టమని వదిన చెప్పే పంపింది గానీ, కౌలుదారుకు అది నచ్చలేదు. పిడుగు పడేది చేలో అయితే కాపలా ఇంట్లో ఎందుకని, పొడుగాటి కర్రకు కట్టి, దిష్టిబొమ్మను నిలబెట్టినట్టు మక్కచేను నడుమ పాతాడు. మొదటి వానకే అది ముద్దై కారిపోయింది. అంత దూరం నుంచి తెచ్చిన దేవుడి వస్తువు పాడు చేశానని భయపడి, పచ్చి కంకుల సంచీ మోసుకుని జగిత్యాలకు వచ్చాడు. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. అంతా విని వదిన అడిగింది: "వాన కొట్టినప్పుడు నువ్వెక్కడున్నవు?" "ఇంట్లనే ఉన్న అక్కా. నువ్వు ఫోన్ చేస్తివి గద." "మరింకేంది, కాగితం పని చేసినట్టే. చాయ్ తాగు" అన్నది. ఫోన్లు ఇప్పటికీ మానలేదు. మానమని మేమూ అడగలేదు.

ఆ ఏడు దసరాకు కంకులు కుప్ప పడ్డాక, కౌలుదారుకు వదిన కొత్త పరదా కొని ఇచ్చింది. ఇంటినిండా చుట్టాలున్నారు. అతను దాన్ని భుజాన వేసుకుని గడప దాటుతుంటే వెనక నుంచి కేకేసింది. "తమ్మీ, ఎవలకిచ్చినా ఇయ్యి గని సారుకు మాత్రం ఇయ్యకు. ఆదివారం తెస్తనంటడు." చుట్టాలకు ఏమీ అర్థం కాకపోయినా నవ్వారు. కాస్త ఆలస్యంగా నేనూ నవ్వాను. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది, దగ్గు వచ్చేదాకా. ఇప్పుడు నేను ఎప్పుడు వెళ్లినా ఆ మాట ఏదో ఒక రూపంలో అనకుండా అన్నం పెట్టదు. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. మా ఇంట్లో అది ఇరవై రెండేళ్లు ఏమీ చేయకుండా ఊరికే కూర్చుంది. నోరు తెరవాల్సింది మేమే అయ్యాం.